బొటనవేలి సాక్ష్యం

మా అమ్మాయి కుడిచేతి బొటనవేలు మిగతా వేళ్ళకంటే తెల్లగా ఉండేది. చాలాసేపు నీళ్ళలో నానితే వేళ్ళ కొసలకు పడే ముడతలు ఆ ఒక్క వేలికి రోజంతా ఉండేవి. కణుపు మీద పై పళ్ళు ఆనేచోట చిన్న కాయ కూడా కాచింది. అప్పటికి పాపకు ఐదేళ్ళు నిండబోతున్నాయి. పుట్టిన కొద్ది నెలలకే నోట్లోకి వెళ్ళిన ఆ వేలు, అన్నం తినేటప్పుడూ, మాట్లాడేటప్పుడూ తప్ప బయటికి రావడానికి ఇష్టపడేది కాదు.

మేము చండ్రుగొండకు కొంత దూరంలో, పొలాలు ఆగిపోయి అడవి మొదలయ్యేచోట ఉన్న ఊళ్ళో కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. అప్పటికి రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది. నేను ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పేదాన్ని. మావారు బస్సు కండక్టరు. పొద్దున్నే డ్యూటీకి వెళితే దీపాలు పెట్టే వేళకు వచ్చేవారు. పాపను చూసుకునేది మా అత్తమ్మ. ఆమె వంట చేస్తుంటే పాప వెనకాలే కూర్చుని, కుడి బొటనవేలు నోట్లో ఉంచుకుని, ఎడమచేత్తో ఆమె చీర అంచును రెండు వేళ్ళ మధ్య నలుపుతూ ఉండేది. ఆ అంచు నలిగి నలిగి రంగు వెలిసిపోయేది. అత్తమ్మ పాత చీరలన్నింటికీ అదొక గుర్తు.

పిల్లలు వేలు చీకడం గురించి తెలియని మనిషి ఆ ఊళ్ళో లేడు. బుద్ధి మొద్దుబారుతుందన్నారు. కడుపుతో ఉన్నప్పుడు తల్లికి తీరని కోరిక మిగిలితే పిల్ల వేలు చీకుతుందన్నారు. తమ్ముడు కావాలని దేవుణ్ణి అడుగుతోందని కూడా ఒకామె చెప్పింది. ఎవరేం చెప్పినా, దానికి ఆధారమేమిటని అడగడం నాకు చదువుతో వచ్చిన అలవాటు. పక్కింట్లో ఉండి బట్టలు కుట్టే ఆమెతో ఇలాంటి సంభాషణ ఒకటి బాగా గుర్తుంది.

"మా మరిది కొడుకు గిట్లనే చీకిండు టీచరమ్మా. గిప్పుడు జూడు, పది తప్పిండు," అందామె, మా గడపలో కూర్చుని కాజాలు కుడుతూ.

"మీ మరిది చిన్నప్పుడు వేలు చీకాడా?"

"లే. ఆయనకసలు గా అలవాటే లేదు."

"ఆయన పది పాసయ్యాడా?"

ఆమె సూది ఆపి కాసేపు ఆలోచించింది. "ఆయనా తప్పిండు," అంది.

అత్తమ్మ లోపలినుంచి నవ్వింది. "మా కోడలితోటి మాట్లాడితే నీకే నష్టమే. నా మాటలే ఒక్కటన్న నమ్మదు," అంది.

నిజానికి అత్తమ్మ మాటలు నేను చాలావరకు నమ్మేదాన్ని. కాకపోతే పరీక్షించి నమ్మేదాన్ని. ముసాంబరం విషయం అలాంటిదే. పిల్లలకు పాలు మాన్పించేందుకు మా వైపు తల్లులు రొమ్ముకు రాసుకునే నల్లటి చేదు పదార్థం అది. దాన్ని అరగదీసి పాప వేలికి పూస్తే చేదుకు భయపడి మానేస్తుందని అత్తమ్మ వాదన. పాప మొదటిసారి వేలు నోట్లో పెట్టుకుని, ముఖం వికారంగా పెట్టి, కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా కూడా వేలు తీయలేదు. చేదంతా చీకి మింగేసి, "అయిపోయింది నానమ్మా," అని వేలు చూపించింది. మర్నాడు పూసేసరికి తనే చెంబు తీసుకుని బాయి గట్టుకు వెళ్ళి కడుక్కుని వచ్చింది. కారం రాద్దామని ఎవరో అంటే నేను ఒప్పుకోలేదు. అదే చేత్తో పిల్ల కళ్ళు నులుముకుంటుంది. అత్తమ్మ కూడా ఆ మాట విని, "కారం వద్దు, పాపం తగుల్తది," అంది.

కొత్తగూడెంలో ఒక పళ్ళ డాక్టరుకు చూపించాం. పెద్దాయన. పాపను కుర్చీలో పడుకోబెట్టకుండా తన ఒళ్ళో కూర్చోబెట్టుకుని, బల్లమీదున్న పళ్ళ నమూనాను తెరిచి మూసే పని ఆమెకిచ్చాడు. రెండు చేతులూ ఆ పనిలో ఉండగా నోరు చూశాడు. పై పాలపళ్ళు కొంచెం ముందుకు వచ్చాయనీ, శాశ్వతమైన ముందుపళ్ళు వచ్చేలోగా అలవాటు పోతే చాలావరకు సర్దుకుంటాయనీ చెప్పాడు. చాలామంది పిల్లలు తమంతట తామే మానేస్తారట. తిట్టవద్దు, చేయి లాగవద్దు, నలుగురిలో నవ్వవద్దు అన్నాడు.

"పాప ఎప్పుడెప్పుడు చీకుతుందో చూడండి. అలసిపోతేనా, భయమైతేనా, ఊసుపోకనా? దాన్నిబట్టి ఆ చేతికి ఏ పని ఇవ్వాలో తెలుస్తుంది," అన్నాడు. తర్వాత పాపను అడిగాడు: "నీకు మానాలని ఉందా తల్లీ?"

పాప వేలు నోట్లో ఉంచుకునే తల అడ్డంగా ఊపింది.

"నిజం చెప్పింది. ఇక మెల్లగా కానివ్వండి," అన్నాడాయన.

మీరు చెప్పింది ఎంతవరకు ఖాయమని అడిగాను. పిల్లల విషయంలో తను అంతకంటే ఖాయంగా ఏదీ చెప్పలేనన్నాడు. ఆ జవాబు వల్లనే ఆయనమీద నాకు గురి కుదిరింది.

ఆ తర్వాత నేను పాపను గమనించడం మొదలుపెట్టాను. సుద్దముక్కతో గచ్చుమీద బొమ్మలు గీసేటప్పుడు వేలు బయటే ఉండేది. అత్తమ్మ అనపకాయలు ఒలుస్తుంటే తానూ ఒలిచేది, అప్పుడూ బయటే. కరెంటు పోతే లోపలికి వెళ్ళేది. నిద్ర ముంచుకొచ్చినప్పుడు సరేసరి. అన్నింటికంటే ఎక్కువగా ఆదివారం మా చర్చి ఆరాధనలో, పెద్దవాళ్ళు కళ్ళు మూసుకుని దీర్ఘంగా ప్రార్థన చేసేటప్పుడు. చాపమీద నానమ్మను ఆనుకుని, చేయడానికి ఏమీ లేక, ఎవరూ తనవైపు చూడని ఆ సమయంలో పాప తృప్తిగా చీకేది.

నేనూ పాపా కూర్చుని ఒప్పందం చేసుకున్నాం. మంచంమీద చీకవచ్చు, ఎవరూ ఏమీ అనరు. మిగతాచోట్ల వేలు లోపలికి వెళితే నేను మాట్లాడను, నా చెవి పట్టుకుంటాను. ఆ గుర్తు మా ఇద్దరికే తెలుసు. మందిరానికి వెళ్ళేటప్పుడు చింతగింజలు నింపి మూతి కుట్టిన గుడ్డసంచి ఒకటి చేతికిచ్చేదాన్ని. పక్కింటామె కుట్టింది, పిసికితే లోపల గింజలు కదిలేవి. పాపకు ఈ ఏర్పాటు నచ్చింది. నేను మరచిపోయి వేరే పనిలో ఉంటే, "అమ్మా, చెవి," అని తనే గుర్తుచేసి వేలు తీసేది. వర్షాలు వెనకబట్టేసరికి పగలు చీకడం చాలా తగ్గింది. తగ్గింది, అంతే. మంచంమీద యథాప్రకారం సాగుతూనే ఉంది.

అత్తమ్మ తన వంతుగా శుక్రవారాలు ఉపవాసముండి పాపకోసం ప్రార్థన చేసేది. దానికి నేను అడ్డు చెప్పలేదు, అది పనిచేస్తుందనీ అనలేదు.

మా సంఘం చిన్నది. రేకుల కప్పు మందిరంలో ఒకవైపు మగవాళ్ళు, ఒకవైపు ఆడవాళ్ళు చాపలమీద కూర్చునేవాళ్ళు. పాటలయ్యాక, వాక్యం చెప్పకముందు, సాక్ష్యాలకు సమయముండేది. ఆ వారం తమకు దేవుడు చేసిన మేలును ఎవరైనా లేచి చెప్పవచ్చు. జ్వరం తగ్గిందనో, తప్పిపోయిన గేదె అడవిలోంచి తిరిగివచ్చిందనో, కొడుక్కు బదిలీ అయిందనో చెప్పేవారు. చెప్పిన ప్రతి మేలుకూ సంఘమంతా "స్తోత్రం" అనేది. ఆ సమయంలో నేను మనసులో అడిగే ప్రశ్నలు మనసులోనే ఉంచుకునేదాన్ని.

ఒక ఆదివారం అత్తమ్మ కొంగు తలమీదికి సర్దుకుని లేచి నిలబడింది.

"నా మనవరాలు మీ అందరికి ఎరికే. పుట్టినకాంచి నోట్ల వేలు తియ్యలే. దవాఖానాల జూపిస్తే కూడ మెల్లగ పోతదన్నరు. నేను ఉపవాసముండి ప్రార్థన చేసిన. దేవుడు ఆలకించిండు. ఇయ్యాల నా బిడ్డ వేలు మానేసింది."

"స్తోత్రం," అంది సంఘం.

అందరి తలలూ పాపవైపు తిరిగాయి. సరిగ్గా అప్పుడే పాప చేయి నోటినుంచి దిగి ఒళ్ళోకి వచ్చింది. తడి వేలిని గౌను అంచుకు తుడుచుకుంది. ఆరోజు పొద్దున మంచంమీద ఆ వేలు ఎక్కడుందో నాకు తెలుసు. అత్తమ్మ అబద్ధం చెప్పలేదు. పగలు ఆమె కళ్ళెదుట పాప వేలు చీకడం నిజంగానే తగ్గింది, ఆ ఆనందంలో తగ్గినదాన్ని మానినట్టుగా చెప్పింది. సగం మేలు జరగగానే మేలు జరిగిందని చెప్పేయడం ఆ చాపలమీద కూర్చున్న చాలామందికి అలవాటు.

ఆరాధన అయ్యాక వాకిట్లో పాప చుట్టూ ఆడవాళ్ళు మూగారు. ఒకామె బుగ్గ పుణికింది, ఒకామె బిస్కెట్ ఇచ్చింది.

"మానేసినవంట గదా?"

"అవ్," అంది పాప.

ఆ మాట అంటూ పాప నావైపు చూడలేదు. డాక్టరు ముందు వేలు తీయకుండానే తల అడ్డంగా ఊపి నిజం చెప్పిన పిల్ల ఇదే.

ఆ వారంనుంచి ఇంట్లో పాప ఎక్కడుందో వెతకవలసి వచ్చేది. అప్పటిదాకా నానమ్మ పక్కన పడుకునేది; అత్తమ్మకు తల వాల్చగానే నిద్రపట్టేది కనుక చీకట్లో వేలు లోపలికి వెళ్ళడం ఆమె చూడలేదు. ఇక నాన్న దగ్గర పడుకుంటానంది. వంట దగ్గర నానమ్మ వెనక కూర్చోవడం మానేసింది. చింతగింజల సంచి గూట్లో పడి ఉంది. నేను చెవి పట్టుకునే అవసరమే రాలేదు, ఎందుకంటే పాప నా కంటపడేది కాదు. ఆదివారం వచ్చేసరికి కడుపునొప్పి అనేది. ఒక మధ్యాహ్నం బడినుంచి తొందరగా వచ్చాను. మంచం కింద, బట్టల పెట్టె వెనక, గోడవైపు తిరిగి పడుకుని చీకుతోంది. నేనూ నేలమీద పడుకుని తల లోపలికి పెట్టాను.

"ఇక్కడెందుకమ్మా? మంచంమీద చీకొచ్చు కదా. మన ఒప్పందం అదే కదా."

"పైన అయితే కనబడ్తది."

"ఎవరికి?"

పాప వేలు తీసింది. "నానమ్మ గుడిల చెప్పింది గదా. అందరు స్తోత్రమన్నరు. నేను చీకితే నానమ్మ చెప్పింది అబద్ధమైతది. దేవునికి కోపమొస్తది నానమ్మ మీద."

ఐదేళ్ళు నిండని పిల్ల, తన నానమ్మ మాటను నిజంగా నిలబెట్టే భారాన్ని ఒక్కతే మోస్తూ మంచం కిందికి చేరింది. పళ్ళ సంగతి నాకు ఆ క్షణంలో గుర్తే లేదు. పళ్ళు ముందుకొస్తే తర్వాతైనా సరిచేయవచ్చు. తన మనుషుల దగ్గర దాక్కోవడం నేర్చుకున్న పిల్లను సరిచేయడానికి ఏ డాక్టరున్నాడో నాకు తెలియదు.

అయినా అత్తమ్మకు ఈ మాట ఎలా చెప్పాలో రెండు రోజులు తోచలేదు. ఎదుటివాళ్ళ మాటలో తప్పెక్కడుందో చూపించడం నాకు కష్టమైన పని కాదు. కానీ ఆమె ఆ మాటను సంఘమంతటి ముందు నిలబడి, ప్రేమతో చెప్పింది. చివరకు ఆ అవకాశం అత్తమ్మే ఇచ్చింది. బియ్యం చెరుగుతూ, ముఖమెత్తకుండా అంది:

"వేలు మానినంక పిల్ల నన్ను గూడ మానింది. ఏం జేసిన నేను?"

"ఒకసారి రండి అత్తమ్మా," అన్నాను.

లోపలి గదిలో మంచం కిందనుంచి చిన్న పాదాలు రెండు కనిపిస్తున్నాయి. చీకుడు చప్పుడు సన్నగా వినిపిస్తోంది. అత్తమ్మ గుమ్మం దగ్గరే ఆగింది. లోపలికి వెళ్ళలేదు, పిలవలేదు. తిరిగి వంటింట్లోకి వచ్చి చేట ముందు కూర్చుంది. పాప మంచం కింద నాతో అన్న మాటలు ఒక్కొక్కటే చెప్పాను. ఆమె వింటూ ఒక్క గింజా చెరగలేదు.

"నీకు ముందే ఎరికనా, ఇంక మానలేదని?"

"తెలుసు."

"మరి గాడ లేచి చెప్పలేదేంది? ఊరోళ్ళందరిని అడుగుతవ్ గదా, ఎట్ల ఎరిక, ఎవర్ని జూసినవని."

"అది మీ సాక్ష్యం అత్తమ్మా. నేను లేవగూడదు."

ఆమె చేట పక్కకు జరిపింది. "సాక్ష్యం జెప్పుడు నేర్పిండ్రు గని, తప్పు జెప్తే ఏం జెయ్యాల్నో ఎవలు నేర్పలే," అంది.

ఆ సాయంత్రమే పాస్టరుగారి ఇంటికి వెళ్ళింది. నన్నూ తోడు తీసుకెళ్ళింది. ఆయన మంచి మనిషి, కానీ విని ఇబ్బంది పడ్డారు.

"సాక్ష్యం వెనక్కి తీసుకునుడు నేనెన్నడు జూడలేదమ్మా. ఇన్నోళ్ళ విశ్వాసం ఏమైతది? పిల్ల ఎట్లయినా మానుతది గదా, జర ఓపిక పడితే మీ మాట నిజమే అయితది."

"నా మాట నిజమైందాక పిల్ల మంచం కిందనే ఉండాల్నా అయ్యగారూ?"

ఆయన నావైపు చూశారు, ఈ ఆలోచన నాదేమోనని. నేను గోడమీది క్యాలెండరు చూస్తున్నాను. "సరే, చెప్పుండ్రి," అన్నారు. మేము లేస్తుంటే, "జల్దీగ చెప్పుండ్రి. పొడుగు తియ్యకుండ్రి," అని కూడా అన్నారు.

ఆదివారం పాపను కడుపునొప్పితోనే తీసుకెళ్ళాం. పాటలయ్యాయి. అత్తమ్మ లేచింది. ఈసారి కొంగు సర్దుకోవడానికి ఎక్కువసేపు పట్టింది.

"నేను మొన్న చెప్పిన సాక్ష్యం తొందరపడి చెప్పిన. నా మనవరాలు ఇంక వేలు చీకుతాంది. తగ్గింది గని మానలే. తప్పు బిడ్డది కాదు. నాది. మీరందరు ఆమె కోసం ప్రార్థన చెయ్యుండ్రి. గని ఆమెను అడగకుండ్రి. నోట్ల వేలుందా లేదా అని జూడకుండ్రి. మానిన్నాడు ఆమెనే చెప్తది."

ఆమె కూర్చుంది. సంఘానికి ఏమనాలో తెలియలేదు. మేలు చెబితే స్తోత్రమంటారు, కష్టం చెబితే కళ్ళు మూసుకుంటారు. ఇది రెండూ కాదు. అప్పుడు మగవాళ్ళ వైపు వెనక వరసలో, చెవులు సరిగా వినపడని ముసలాయన, ఎవరో సాక్ష్యం చెప్పి కూర్చున్నారని గ్రహించి, గట్టిగా "స్తోత్రం" అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఆడవాళ్ళ వైపుకూ పాకింది. అత్తమ్మ కూడా కొంగు చాటున నవ్వింది.

పాప చాపమీద జరిగి నానమ్మను ఆనుకుంది. ఎడమచేత్తో చీర అంచు పట్టుకుంది. కుడి బొటనవేలు, సంఘమంతటి ఎదుట, నోట్లోకి వెళ్ళింది. అత్తమ్మ చూడవద్దంది కనుక అందరూ ఒక్కసారిగా రేకుల కప్పు వైపు చూశారు. పైన పిచ్చుకల గూడు తప్ప చూడటానికి ఏమీ లేదు. ఆ గూడును మా సంఘం అంత శ్రద్ధగా మళ్ళీ ఎన్నడూ చూసి ఉండదు.

ఆ తర్వాత కొన్ని వారాలపాటు సాక్ష్యాల తీరు మారింది. పక్కింటామె లేచి, తన మోకాలి నొప్పి పోయిందని లోగడ చెప్పిన మాటను సవరించి, మెట్లెక్కేటప్పుడు ఇంకా ఉందని చెప్పింది. గేదె దొరికినాయన, అది దొరికింది గాని పాలివ్వడంలేదని చేర్చాడు. "ప్రస్తుతానికి" అనే మాట ఎక్కువగా వినబడసాగింది. పాస్టరుగారు ఒకసారి దారిలో కలిసి, "టీచరమ్మా, మా సంఘాన్ని మీ ప్రయోగశాల చేసినట్టున్నరు," అన్నారు. నేనేమీ చేయలేదన్నాను. అది నిజమే.

ఇంట్లో పాత ఒప్పందం మళ్ళీ అమలులోకి వచ్చింది. పాప నానమ్మ పక్కకు తిరిగి వచ్చింది. చెవి గుర్తు అవసరమైనప్పుడు వాడాం, లేనప్పుడు వాడలేదు. ఎండాకాలంలో తునికాకు కోతకు వెళ్ళే ఆడవాళ్ళు పొద్దున్నే మా వాకిలి ముందునుంచి నడిచేవారు. అందులో కోయభాష మాట్లాడే ఇద్దరు అమ్మాయిలు పాపకు ఆకులు పేర్చి కట్ట కట్టడం ఆటగా నేర్పారు. వాకిట్లోని ఏ ఆకైనా సరే, తెచ్చి పేర్చి నారతో కట్టేది. వేలు చాలాసేపు బయట ఉండేది. బాగా ఏడ్చినరోజు మళ్ళీ లోపలికి వెళ్ళేది. ఎప్పుడు పూర్తిగా మానేసిందో నేను చెప్పలేను. డాక్టరు మాటా, చింతగింజలా, ఆకుకట్టలా, ప్రార్థనా, వయసా అని ఎవరైనా అడిగితే, అన్నీ ఒకేసారి జరిగినచోట ఒకదాన్ని వేరుచేసి చూపించే పద్ధతి నాకు తెలియదనే చెబుతాను. వేలి మీది కాయ మెత్తబడి, రంగు మిగతా వేళ్ళతో కలిసిపోయిందని ఒకరోజు గోళ్ళు తీస్తూ గమనించాను. కింది ముందుపన్ను ఒకటి అప్పటికి కదులుతోంది.

అత్తమ్మకు చూపించాను. ఆమె వేలు అటూ ఇటూ తిప్పి చూసింది.

"మంచిగయింది. ఇంక కొన్నాళ్ళు జూద్దాం," అంది. లేచి సాక్ష్యం చెబుతుందేమోనని నేను అనుకున్న ఆదివారాలు గడిచిపోయాయి. ఆమె లేవలేదు.

పాప ఒకటో తరగతిలో చేరిన ఏడాది, ఒక ఆదివారం సాక్ష్యాల సమయంలో నా పక్కన అలికిడి వినిపించి చూస్తే, పాప లేచి నిలబడి ఉంది. ముందుపళ్ళు రెండు ఊడి ఉన్నాయి. చేతులు రెండూ కట్టుకుంది. నానమ్మ కొంగు పట్టి మెల్లగా కూర్చోబెట్టబోయి, అంతలోనే చేయి వెనక్కి తీసుకుంది.

"నేను వేలు మానేసిన," అంది పాప, అందరికీ వినబడేలా. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, నావైపు ఒకసారి చూసి, "నిద్రల అయితే నాకు తెల్వది," అని చేర్చి కూర్చుంది.

"స్తోత్రం," అంది సంఘం. ఆ ఒక్కసారి నేనూ అన్నాను.